మౌనం ఎప్పుడు హక్కు, ఎప్పుడు పాపం?

“తప్పు చేయనివాడు నోరు విప్పడానికి ఎందుకు భయపడాలి?” అని చాలామంది అంటుంటారు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల వారికి బాగా తెలిసిన ఒక కేసు ఈ ప్రశ్నకు సమాధానం చెబుతోంది.

2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరా హత్యకు గురయింది. 2008లో నందిగామ మండలం అనాసాగరానికి చెందిన సత్యంబాబును పోలీసులు అరెస్టు చేసి, నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. 2010లో విజయవాడ కోర్టు అతనికి శిక్ష విధించింది. కాని ఇతడు దోషి కాడని హతురాలి తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు చెల్లించమంది. జైల్లో కరిగిపోయిన ఎనిమిదేళ్లకు పైగా యౌవనాన్ని ఎవరివ్వగలరు?

నిందితుణ్ణి తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యమివ్వమని బలవంతపెట్టరాదని మన రాజ్యాంగం 20(3) అధికరణ అంటోంది. సమ్మతి లేకుండా నార్కో పరీక్షలు జరపరాదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇస్లాం ఈ విషయంలో ఏమంటోంది? హింసకు తాళలేక హజ్రత్ అమ్మార్ (రజి) నోట అవిశ్వాసపు మాట వచ్చింది. హృదయంలో విశ్వాసం స్థిరంగా ఉన్నవాడు, బలవంతాన పలికిన మాటకు దోషి కాడని దివ్య ఖుర్‌ఆన్ (16:106) తెలియజేసింది. విశ్వాసం విషయంలోనే బలవంతపు మాట చెల్లనప్పుడు, నేరం విషయంలో ఎలా చెల్లుతుంది? హజ్రత్ మాయిజ్ (రజి) తనంతట తానే వచ్చి తప్పు ఒప్పుకుంటే, దైవప్రవక్త (స) పలుమార్లు ముఖం తిప్పుకున్నారు. ఒప్పుకోలు రాబట్టాలన్న ఆత్రం ఆయనలో లేదు.

అయితే ఒక సందేహం. తమకే వ్యతిరేకమైనా సరే, న్యాయంగా సాక్ష్యం పలకమని అదే ఖుర్‌ఆన్ (4:135) ఆదేశిస్తోంది కదా? నిజమే. అది దైవభీతితో మనిషి తనంతట తాను నిర్వర్తించవలసిన బాధ్యత. లాఠీతో రాబట్టవలసినది కాదు. ఇక ఇతరుల విషయంలో, కళ్లారా చూసినది దాచిపెట్టేవాడి హృదయం పాపపంకిలమైనదని (2:283) హెచ్చరిక ఉంది. పొరుగువాడు అన్యాయంగా శిక్షపడబోతుంటే “మనకెందుకులే” అని ఊరుకోవడం హక్కు కాదు, పాపం.

సోదర సోదరీమణులారా! చనిపోయింది మన బిడ్డ. జైలుకు వెళ్లింది పరాయి బిడ్డ. అయినా న్యాయం ఒక్కటే. ఎవరిమీది కోపమూ మిమ్మల్ని న్యాయానికి దూరం చేయరాదన్నది (5:8) దైవాజ్ఞ. కడుపుకోతలోనూ ఆ తల్లిదండ్రులు ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలనుకోలేదు. నిజం ఎక్కడ చెప్పాలో, బలవంతానికి ఎక్కడ తలవంచకూడదో గ్రహించే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.