సముద్రమునకు ఇసుక గోడ

ధ్యాన భాగము: యిర్మీయా 5:20–24



సముద్రమునకు హద్దు నియమించుటకు దేవుడు కొండను గాని ఇనుమును గాని కోరలేదు. ఇసుకను కోరుకొనెనని ప్రవక్త మనకు జ్ఞాపకము చేయుచున్నాడు. ఇసుకమీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని సంగతి మనమెరుగుదుము. అంత బలహీనమైన ఇసుక సముద్రము నెట్లు ఆపును?

కాకినాడ యెదుట సముద్రములో హోప్ ఐలెండ్ అను సన్నని ఇసుక దీవి కలదు. హోప్ అనగా నిరీక్షణ. దాని పొడవు సుమారు 16 కిలోమీటర్లు. నాసిక్ దగ్గర త్ర్యంబకమున పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చు గోదావరి తాను మోసికొని వచ్చిన ఇసుకను సముద్రములో వదలును. అలలును తీరపు ప్రవాహమును దానిని ఉత్తరమునకు నెట్టి, సుమారు రెండువందల యేండ్లలో రేణువు వెంబడి రేణువుగా ఈ దీవిని పేర్చినవి. బంగాళాఖాతపు కెరటములు మొదట దానిని కొట్టి విరుగును. దాని వెనుక కాకినాడ రేవులో నీరు నిమ్మళముగా నుండును. ఆటుపోట్లకు మునిగి తేలు బురదలో కోరింగ మడచెట్లు వేళ్లూనును.

రాయియైతే తప్పక నిలుచునని తలంచుచున్నామా? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు పాతబస్తీని ముంచినప్పుడు వంతెనలే కొట్టుకొనిపోయినవి. అయితే అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నెక్కిన సుమారు 150 మంది బ్రదికిరి. ఏది నిలుచునో, ఎవరికి ఆశ్రయమగునో నిర్ణయించువాడు దేవుడే. ఇసుక తన బలముచేత నిలువదు. ఆయన ఆజ్ఞచేత నిలుచును.

“మా పల్లెలో పది కుటుంబములమే, మావలన నేమగును?” అని నిరాశపడు సంఘమా, ఆ దీవిని చూడుము. గోడ తనకొరకు నిలువదు. తన వెనుక నున్నవారికొరకు నిలుచును. మీ వెనుక నున్నదెవరు? దిక్కులేని విధవరాలు, అప్పులలో కూరుకొన్న కూలివాడు, త్రాగుడుకు లోబడిన యౌవనస్థుడు. మీ ప్రార్థన, మీరు తీసియుంచు పిడికెడు బియ్యము, రోగియొద్ద గడిపిన ఒక రాత్రి, ఇవే ఆ రేణువులు.

ఒక హెచ్చరిక కూడ కలదు. గోదావరిమీది ఆనకట్టలు ఒండ్రును, ఇసుకను పట్టియుంచుటవలన డెల్టా తీరము కొన్నిచోట్ల కోతపడుచున్నది. రేణువులు వచ్చుట మానినయెడల కట్టబడినదియు తరిగిపోవును. పొలముగట్టు తగవునుబట్టి సహోదరునితో మాట మాని, గుడికి రాక మానినవాడా, నీవు నిలువవలసిన చోట సందు పడినది. ఆ సందున వచ్చు నీరు నీ యింటిని మాత్రమే ముంచదు. ఈ ఆదివారమునకు ముందే వెళ్లి సమాధానపడుము.

ప్రార్థన: ప్రభువా, మేము ఇసుక రేణువులమే. నీవు పెట్టిన చోట మమ్మును కలిపి నిలువబెట్టుము. ఆమేన్.