పోవుదానికి పొత్తమేల?

ఆఱు మాసములలో మూలబడనున్న సాఫ్టువేరునకు వాడుకరుల కొఱకు వివరణగ్రంథ మేల వ్రాయవలెనని మా కార్యాలయమున నొకరు ప్రశ్నించిరి. రేపు కూల్చబోవు ఇంటికి నేడు సున్నము వేయుదురా యని వారి వాదము. వినుటకు యుక్తముగనే యున్నది. కాని ఆ యింట నేడు కాపురమున్నవారి మాట యేమి?

“త్వరలో” అను మాటను ముందుగా పరీక్షింతము. పైథాను అను కంప్యూటరు భాషయొక్క మూడవ రూపము 2008లో వెలువడెను. రెండవ రూపమునకు 2015లో స్వస్తి చెప్పుదుమని మొదట నిర్ణయించిరి. పాతదానిలో వ్రాసినదెల్ల మార్చుట అనేకులకు కష్టమగుటచే 2014లో ఆ గడువును 2020 వఱకు పొడిగించిరి. ఆ యైదేండ్లును పాతదానిని నమ్ముకొన్నవారికి దాని వివరణమే దిక్కయ్యెను.

మఱియొకటి. పాత సాఫ్టువేరులో ఏ లెక్క యెట్లు కట్టబడునో, ఏ గడిని ఎందులకు ఖాళీగా విడుతురో వ్రాసియుండనిచో, క్రొత్తదానిని అమర్చువారు దేనిని చూచి అమర్చుదురు? తెలిసిన గుమాస్తా ఉద్యోగము విరమించిన నాడు ఆ తెలివియు నాతనితోనే వెడలిపోవును.

అట్లని మితము వలదని మే మనము. బొమ్మలు, అలంకారములు మానవచ్చును. నిత్యము చేయు పనులును, తఱచుగా జరుగు పొరపాట్లును, మార్పు జరుగు తేదియు మాత్రము తప్పక చెప్పవలెను. పోవునని చెప్పకుండుట వంచన. పోవునుగదా యని వ్రాయకుండుట అలక్ష్యము.

అన్నము రేపటికి నిలువదని నేటి అతిథిని పస్తుంచు గృహస్థుడు మనలో నెవ్వడు?