పాపంలో వాటా

దారి దోచి తెచ్చిన కూడు తిన్న ఆలుబిడ్డలు, పాపంలో మాత్రం తమకు వాటా లేదన్నారని వాల్మీకి పూర్వగాథ. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ బిడ్డలను ఆక్షేపించడం నాకు అలవాటుగా ఉండేది. 2020 డిసెంబరు తరువాత ఆ ఆక్షేపణ నోట రావడం లేదు.

ఆ నెల 5వ తేదీ మొదలు ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి, నోట నురగ కక్కుతూ పడిపోసాగారు. కొద్దిరోజుల్లోనే ఆరువందలమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసమూ, నికెలూ కనిపించాయి. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషాలవైపే ఎక్కువగా వేలు చూపారు. పదార్థాల పేర్లు వచ్చాయి. మనిషి పేరు?

మా బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరే కాలువ ఒకటి ఏలూరుదాకా పోతుంది. ఆ జబ్బుకు మా కాలువే కారణమని నేననడం లేదు. కాని దాని గట్టున నిలబడి చూస్తే, ఎవరికివారు “నేను వేసింది పిసరంతే కదా” అనుకొని వదిలినవన్నీ నీటిలో కనబడతాయి. పిసరంత పాపం పాపమేనా అన్నదే నా ప్రశ్న. ఎండుటాకు కుళ్లి మన్నవుతుంది. సీసం మూలకం, ఎన్నేళ్లకైనా సీసమే. పిసరుకు పిసరు కూడుతుందే గాని తరగదు.

అయితే పాపం అందరిదీ అని చేతులు దులుపుకుందామా? ఈ వేదాంతం యజమానికి మహా ఇష్టం! 1924లో అమెరికాలోని న్యూజెర్సీలో, పెట్రోలులో కలిపే సీసపు ద్రవం తయారుచేస్తూ ఐదుగురు కార్మికులు మతిచలించి చనిపోయారు. సంగతి తెలిసీ అమ్మకం సాగింది. మన దేశంలో ఆ పెట్రోలు 2000 వరకు ఉంది. బండి తోలినవాని వాటా, తెలిసి అమ్మినవాని వాటా ఒక్కటి కానేకావు. ఎవరికి ఎంత తెలుసో, ఎవరు ఎంత లాభం తీశారో చూసి వాటా కట్టవలసిందే.

ఇంతవరకు నా తర్కం సాఫీగానే నడిచింది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే కూలీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అతడు సాయంత్రం కూలిడబ్బులతోపాటు చొక్కామీద సీసపు ధూళినీ ఇంటికి తెస్తాడు. పసిబిడ్డ ఆ చొక్కా పట్టుకునే చంకెక్కుతుంది. మింగిన సీసాన్ని పెద్దలకంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తుంది. అది మెదడును దెబ్బతీస్తుంది, ఎముకల్లో చేరి దశాబ్దాలు నిలుస్తుంది. ఆడపిల్ల అయితే, రేపు ఆమె గర్భవతి అయినప్పుడు ఎముకలోని సీసం రక్తంలోకి దిగి కడుపులోని శిశువును చేరుతుంది. కథలోని బిడ్డలు వద్దనగలిగారు, వాళ్లను అడిగారు గనుక. ఇక్కడ అడగవలసిన తండ్రికే, తన చొక్కామీద ఉన్నదేమిటో చెప్పినవారెవరు?