గుర్రం మీద నుంచి పడినవాని నమాజు

(కొత్తగూడలో జుమా నాడు చేసిన ప్రసంగం)

 

ఈ రోజు వేరే విషయం మాట్లాడాలనుకున్నాను. కాని మొన్న సోమవారం అస్ర్ నమాజు తరువాత మన మండలంలోనే ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాను. అక్కడ విన్న ఒక మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. అందుకే అదే మీ ముందు పెడుతున్నాను. పేరు చెప్పను. తెలిసినవారు కూడా బయట చెప్పుకోకండి.

అతనొక యువకుడు. స్నేహితుని పెళ్ళి బరాత్‌కు వెళ్ళాడు. పెళ్ళికొడుకు దిగిన తరువాత నలుగురూ బలవంతపెడితే తానూ గుర్రం ఎక్కాడు. ఎవరో టపాకాయలు పేల్చారు. గుర్రం బెదిరి ముందుకాళ్ళు పైకెత్తింది. అతను వెల్లకిలా రోడ్డు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది, ఎడమ చేతి మణికట్టు విరిగింది. పాకాల అడవి దారిన నర్సంపేట మీదుగా వరంగల్ చేర్చారు. తొడలో రాడ్ వేశారు, చేతికి పిండికట్టు కట్టారు. ఇప్పుడు ఇంట్లో మంచం మీద ఉన్నాడు. నేను వెళ్ళేటప్పటికి 41 రోజులైంది.

"నమాజు చేస్తున్నావా బాబూ?" అని అడిగాను. తల వంచుకున్నాడు. "లేదు మౌలానా. నిలబడలేను, వంగలేను. చేతికి కట్టు ఉంది, వుజూ కాదు. లోపల ఇనుము కూడా పెట్టారు. నడవగలిగిన రోజున మస్జిదుకు వచ్చి మళ్ళీ మొదలుపెడతాను" అన్నాడు. కాసేపాగి మెల్లగా ఇంకో మాట అన్నాడు: "గుర్రం ఎక్కినందుకు అల్లాహ్ శిక్షించాడని వచ్చిన ప్రతివారూ అంటున్నారు. శిక్ష పడినవాడి నమాజు ఆయనకెందుకు?"

సోదరులారా! ఎముక విరగడం ఒక దెబ్బ. ఈ మాట దానికంటే పెద్ద దెబ్బ. మొదటిది డాక్టర్లు సరిచేశారు. రెండోది కొట్టినవాళ్ళం మనమే. పండ్లు, బిస్కెట్లు పట్టుకుని పరామర్శకు వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఆ మాట అతని మంచం మీద వదిలి వచ్చాం.

బరాత్‌లో డబ్బు తగలబెట్టడం గురించి నా అభిప్రాయం మీకు తెలుసు. ఇదే మింబర్ మీద నుంచి ఎన్నోసార్లు చెప్పాను, ఇన్షా అల్లాహ్ మళ్ళీ చెబుతాను. కాని అది పెళ్ళివారికి పెళ్ళికి ముందు చెప్పవలసిన మాట. కాలు విరిగి పడుకున్నవానికి కాదు.

ఇక గుర్రం మీద నుంచి పడటం శిక్షే అన్నవారు ఒక విషయం వినాలి. మన ప్రవక్త (స) కూడా గుర్రం మీద నుంచి పడ్డారు.

అవును, మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు. హజ్రత్ అనస్ (రజి) దీనిని ఉల్లేఖించారు, బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. గుర్రం మీద నుంచి పడినందువల్ల ఆయన శరీరం కుడి పక్క గీరుకుపోయింది. అబూదావూద్‌లో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం మరికొంత వివరంగా ఉంది. మదీనాలో ఆయన గుర్రమెక్కారు, అది ఆయన్ను ఒక ఖర్జూరపు చెట్టు మొదలు మీద పడవేసింది, పాదం కీలు తప్పింది. ఇది హిజ్రీ 5వ సంవత్సరంలో జరిగిందని హదీసువేత్త ఇబ్నె హిబ్బాన్ పేర్కొన్నారు. అంటే క్రీ.శ. 627 ప్రాంతం.

ఆయనకు స్వారీ తెలియకనా? ఒక రాత్రి మదీనా శివారులో ఏదో పెద్ద శబ్దం విని జనం భయపడి బయటికి పరుగెత్తారు. అప్పటికే ప్రవక్త (స) అబూ తల్హా (రజి) గారి గుర్రం మీద జీను కూడా లేకుండా, మెడలో కత్తి వేలాడుతుండగా, ఒంటరిగా వెళ్ళి చూసి తిరిగి వస్తున్నారు. భయం లేదని వారికి ధైర్యం చెప్పారు. అంతటి రౌతు ఆయన. అయినా ఒకరోజు పడ్డారు. పాపానికి శిక్షగా మాత్రమే మనిషి పడతాడంటే, పాపరహితుడైన ప్రవక్త (స) ఎందుకు పడ్డారో చెప్పండి! పైగా అందరికంటే కఠినమైన పరీక్షలు ప్రవక్తలకే ఎదురవుతాయని ఆయనే సెలవిచ్చారు.

పడినవారు ఇంకా ఉన్నారు. హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) సైప్రస్ ద్వీపానికి సాగిన సముద్ర దండయాత్రలో పాల్గొని, వాహన జంతువు మీద నుంచి పడి మరణించారు. ఆమె సముద్రయాత్రికులలో ఉంటారని ప్రవక్త (స) ముందే శుభవార్త ఇచ్చి ఉన్నారు. అరఫాత్ మైదానంలో ఇహ్రామ్‌లో ఉన్న ఒక వ్యక్తి ఒంటె మీద నుంచి పడి మెడ విరిగి చనిపోతే, అతడు ప్రళయదినాన లబ్బైక్ పలుకుతూ లేస్తాడని చెప్పారు. వీటిని శిక్షలనగలమా? హజ్రత్ జరీర్ (రజి) తన తెగకు నాయకుడు. గుర్రం మీద నిలకడగా కూర్చోలేకపోతున్నానని ప్రవక్త (స) ముందు సిగ్గుపడకుండా చెప్పుకున్నారు. ప్రవక్త (స) ఆయన్ను ఎగతాళి చేయలేదు. ఛాతీ మీద చెయ్యి వేసి, స్థిరత్వం ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ తరువాత తాను ఎన్నడూ గుర్రం మీద నుంచి పడలేదని జరీర్ (రజి) చెప్పేవారు.

సరే, ప్రవక్త (స) పడ్డారు. తరువాత ఏం చేశారు? మన యువకునికి కావలసింది ఇదే.

ఆయన మేడగదిలో ఉండిపోయారు. దాని మెట్లు ఖర్జూరపు మొద్దులతో చేసినవి. మస్జిదె నబవీ ఆ గదికి ఎంత దూరం? పక్కనే. అయినా దెబ్బ తగిలిన కాలితో ఆ మెట్లు దిగి వెళ్ళాలని ఆయన పట్టుబట్టలేదు. సహచరులే పరామర్శకు వచ్చారు. వచ్చేసరికి ఆయన కూర్చుని నమాజు చేస్తున్నారు. వారు వెనుక నిలబడ్డారు, ఆయన ఏమీ అనలేదు. మరోసారి వచ్చినప్పుడు అది ఫర్జ్ నమాజు. ఆయన కూర్చునే నమాజు చేయించారు. వెనుక వీరు నిలబడి ఉంటే, కూర్చోమని సైగ చేశారు. సలామ్ చెప్పాక, తమ రాజులు కూర్చుని ఉండగా పారశీకులు, రోమన్లు నిలబడి ఉంటారే, అలా చేయవద్దని బోధించారు.

కూర్చున్న ఇమామ్ వెనుక జమాఅత్ కూర్చోవాలా, నిలబడాలా అన్న చర్చ ధర్మవేత్తల మధ్య ఉంది. ప్రవక్త (స) చివరి జబ్బులో కూర్చుని నమాజు చేయించినప్పుడు అబూ బక్ర్ (రజి), ప్రజలు నిలబడే ఉన్నారు కనుక, నిలబడగలిగినవారు నిలబడాలని ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ షాఫియీ (రహ్మ) అభిప్రాయం. దాన్ని ఇప్పుడు సాగదీయను. మనం చూడవలసింది ఒకటుంది. ఆ గదిలో నొప్పితో ఉన్న మనిషి నమాజు విడిచిపెట్టలేదు, నిలబడాలని మొండికేయనూ లేదు. కూర్చున్నారు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును మొదట తానే తీసుకున్నారు. ఆ సడలింపు తక్కువవారి కోసం పెట్టిన తక్కువ రకం నమాజు అయితే ఆయన దాన్ని తీసుకునేవారా?

ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలలతో బాధపడుతూ అడిగితే, నిలబడి చెయ్యి, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్క మీద పడుకుని చెయ్యమని ఆయన సెలవిచ్చారు. మూడు మెట్లు చెప్పారు. చేతకానంత కాలం నమాజు మానేయమన్న నాలుగో మెట్టు అందులో లేదు. కూర్చున్నవాడు రుకూకు కొంచెం, సజ్దాకు అంతకంటే ఎక్కువగా తల వంచితే సరిపోతుంది. దిండు పైకెత్తి నుదుటికి తాకించుకోనక్కర్లేదు. మంచం తిప్పడానికి వీలులేక, తిప్పేవారూ లేకపోతే ముఖం ఎటు ఉంటే అటే చెయ్యాలి. ఇక వుజూ సంగతి. కట్టు లేని భాగం కడుక్కోవాలి. కట్టు మీద తడిచేత్తో తుడవాలి. మేజోళ్ళ మసహ్‌కు ఒక రోజు, ప్రయాణంలో మూడు రోజులు అని గడువు ఉంది. ఎముకల కట్టుకు ఆ గడువు లేదు, అది ఉన్నన్నాళ్ళూ తుడవవచ్చు. నీరే హాని చేస్తుందని డాక్టరు చెబితే తయమ్ముమ్ ఉంది.

ఈ విషయంలో కఠినంగా చెప్పేవారికి ఒక భయంకరమైన ఉదంతం ఉంది. ఒక ప్రయాణంలో ఒకాయన తల రాయి తగిలి పగిలింది. ఆ రాత్రి ఆయనకు స్నానం విధి అయింది. తయమ్ముమ్ చేయవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్ళున్నాయి కదా, కుదరదన్నారు. స్నానం చేశాడు, చనిపోయాడు. సంగతి తెలిసి ప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. అతన్ని వారే చంపారన్నారు. తెలియనప్పుడు అడగవద్దా, తెలియనితనానికి మందు అడగడమే కదా అన్నారు. ఇది హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం, అబూదావూద్‌లో ఉంది. గాయపడినవాని దగ్గర ఫత్వాలు ఇచ్చే ముందు మనం ఈ హదీసు గుర్తు చేసుకోవాలి. నాతో సహా.

లోపలి రాడ్ గురించి కూడా అతను భయపడ్డాడు. హజ్రత్ అర్ఫజా (రజి) అనే సహచరుని ముక్కు ఒక యుద్ధంలో తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన వేసింది. బంగారంతో చేయించుకోమని ప్రవక్త (స) చెప్పారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, శరీరం బాగుపడటానికి అనుమతించారు. అలాంటప్పుడు తొడలోని లోహం నమాజుకు ఎలా అడ్డమవుతుంది?

వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఉహుద్‌లో ప్రవక్త (స) ముఖానికి గాయమైనప్పుడు అలీ (రజి) డాలులో నీళ్ళు తెచ్చి పోస్తుంటే ఫాతిమా (రజి) కడిగారు. రక్తం ఆగకపోతే చాప ముక్క కాల్చి ఆ బూడిద అద్దారు, ఆగింది. ఉబయ్ బిన్ కాబ్ (రజి) వద్దకు ప్రవక్త (స) స్వయంగా వైద్యుణ్ణి పంపించారు. కనుక మన పల్లెల్లో ఎముక విరిగితే ఆసుపత్రికి పోకుండా ముందు నాటుకట్టు కట్టించి వారం రోజులు చూడటం మంచిది కాదు. వాచిన కాలికి గట్టిగా బిగించిన కట్టు రక్తప్రసారాన్ని ఆపేస్తే కాలే పోవచ్చు. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు. అలాగే ఫిజియోథెరపీ చెప్పిన వ్యాయామం నొప్పిగా ఉందని మానేయడం. నీ శరీరానికి నీ మీద హక్కుందని ప్రవక్త (స) అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు బోధించారు. మంచం మీద కాలి వేళ్ళు కదిలించడం, మోకాలు మెల్లగా వంచడం కూడా ఆ హక్కు చెల్లించడమే.

ఇంకో మాట అతనికి చెబితే ముఖం వెలిగింది. దాసుడు జబ్బుపడితే, ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆచరణల పుణ్యమే అతనికి రాయబడుతుందని హజ్రత్ అబూ మూసా (రజి) ఉల్లేఖనం. పడకముందు అతను ఫజ్ర్‌కు మస్జిదుకు వచ్చేవాడు, నాకు తెలుసు. ఆ నడక ఈ 41 రోజులూ ఆగలేదన్నమాట. ముల్లు గుచ్చుకున్నా విశ్వాసి పాపాలు రాలిపోతాయని ప్రవక్త (స) సెలవిచ్చారు. మరి తొడ ఎముక విరిగితే?

పరామర్శకు వెళ్ళేవారికి: ఫరవాలేదు, అల్లాహ్ తలిస్తే ఇది నిన్ను శుద్ధి చేస్తుంది అనడం ప్రవక్త (స) అలవాటు. ఒక పల్లెవాసి వృద్ధుడు ఆ మాటకు విసుక్కున్నాడు కూడా, ముసలివాణ్ణి సమాధికి చేర్చే జ్వరమిదన్నాడు. రోగి విసుక్కుంటాడు, మనం నొచ్చుకోకూడదు. ఎక్కువసేపు కూర్చోకండి. ఎలా పడ్డావని ఎనిమిదోసారి చెప్పించకండి. కూలి పోయి ఇల్లు గడవడం లేదేమో కనుక్కోండి. వాకర్ అవసరమైతే కమిటీవారు చూస్తామన్నారు.

ఆ సోమవారం నేను లేవబోతుంటే మగ్రిబ్ వేళ అయింది. తల్లి చెంబుతో నీళ్ళు, ఒక గిన్నె తెచ్చింది. ఆమె పోస్తుంటే అతను కుడిచెయ్యి కడుక్కున్నాడు, ముఖం కడుక్కున్నాడు, తడిచేత్తో పిండికట్టు మీద ఒకసారి తుడిచాడు. కాళ్ళు ఆమే కడిగింది. వీపు వెనుక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. నేను మంచం పక్కన నిలబడి నమాజు చేయించాను. అతను కూర్చుని తల వంచాడు.

సలామ్ అయ్యాక అతనే అడిగాడు, పోయిన నమాజులు ఎన్నని. తల్లి గోడ మీది క్యాలెండర్ తీసుకువచ్చింది. 41 రోజులు, రోజుకు 5 చొప్పున 205 ఫర్జ్ నమాజులు, 41 విత్ర్‌లు. రోజూ ప్రతి నమాజుతో పాటు ఒకటి తీరుస్తానన్నాడు. మొదటి గడిలో పెన్సిలుతో గీత పెట్టాడు.