పరిహారము - గజస్నానము

పాపము హానికరమని కన్నులార చూచియు, చెవులార వినియు మానవుడు మరల దానినే చేయుచున్నాడు. అట్టివానికి ప్రాయశ్చిత్తము వలన ప్రయోజనమేమి? ఏనుగు నీట మునిగి శుభ్రపడి, ఒడ్డునకు వచ్చినంతనే దుమ్ము మీద చల్లుకొనును. ప్రాయశ్చిత్తమును అట్టి గజస్నానమే కదా? భాగవతము షష్ఠస్కంధ ప్రారంభమున పరీక్షిన్మహారాజు శుకమహర్షిని అడిగిన ప్రశ్న ఇది.

నేటి విమానయాత్రికునికి ఈ ప్రశ్న మిక్కిలి సన్నిహితమైనది. విమానమున ఒక కిలోగ్రాము ఇంధనము దగ్ధమైనచో సుమారు 3.16 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఇంధనములోని కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కూడుటచే బరువు పెరుగును. ఆ వాయువులో కొంతభాగము శతాబ్దముల తరబడి వాతావరణమున నిలిచి భూమిని వేడెక్కించును. మానవకార్యముల వలన వెలువడు ఈ వాయువులో విమానముల వంతు నూటికి రెండు మూడు పాళ్లే. అది అల్పమని తోచవచ్చును. కాని భూమిపై అధికసంఖ్యాకులు ఏడాదిలో ఒక్కమారైనను విమానమెక్కనివారు. కొద్దిమంది వేగమునకు మూల్యమును ఎన్నడును విమానమెక్కని రైతు ఎండలలోను, జాలరి తుపానులలోను చెల్లించుచున్నారు.

ఈ దోషమునకు పరిహారమొకటి ఏర్పడినది. యాత్రికుడు టిక్కెట్టు వెలతోపాటు కొంత ధనమిచ్చును. దానితో చెట్లు నాటుదురు, గాలిమరలు నిలుపుదురు, పొగ తక్కువైన పొయ్యిలు పంచుదురు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థయు 2016లో ఇట్టి పద్ధతినే ఏర్పరచినది. దేశాంతరయానములలో నిర్ణీతపరిమితిని మించిన వాయువునకు విమానసంస్థలు పరిహారము చూపవలెను. ఉద్దేశము మంచిదే. కాని వాయువు నేడే వెలువడును; నాటిన మొక్క దానిని గ్రహించుటకు దశాబ్దములు పట్టును. ఆ చెట్టు కార్చిచ్చున పడినచో దాచినదంతయు మరల గాలిలో కలియును. ఎవరును నరకబోని అడవిని చూపి, దానిని కాపాడితిమని ధనము గ్రహించినచో ఆ పరిహారము కాగితముపైననే నిలుచును.

అట్లైన పరిహారము వ్యర్థమా? కాదు. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ - ఈ ఐదును గృహస్థుని ఇంటి హింసాస్థానములని ధర్మశాస్త్రము చెప్పినది. వీనివలన సూక్ష్మజీవులు నశించును. ఇవి లేక సంసారము సాగదు. కావుననే ఆ దోషమునకు పంచమహాయజ్ఞములు విధింపబడినవి. అన్నము వండుటకు పొయ్యి వెలిగించినవానికే ఆ యజ్ఞము. వినోదమునకై అడవిని తగులబెట్టువానికి అది అనుమతిపత్రము కాదు.

దూరదేశమున మరణశయ్యపైనున్న తల్లిని చూడబోవు కుమారుని ప్రయాణము అనివార్యము. అతడు శ్రద్ధతో ఇచ్చు పరిహారధనము యజ్ఞమే యగును. రైలున పోదగిన ఊరికి విమానమున పోయి, ధనమిచ్చితిని గదా యని నిశ్చింతుడై మరల మరల ఎక్కువాడు చేయునది గజస్నానము. ధనమొక్కటే, భేదము అనుతాపమునందును, నిగ్రహమునందును కలదు.

శుకుడు చెప్పిన సమాధానమును ఇదియే. కర్మచేత కర్మ నిర్మూలము కాదు. వివేకమే నిజమైన ప్రాయశ్చిత్తము. పథ్యము తప్పనివానిని రోగములు బాధింపవు. ఔషధమును నమ్మి అపథ్యము తినువానికి ఔషధమే శత్రువగును.

కాశికి పోయినవారు తమకు ప్రియమైన పండునో కూరనో అచట విడిచివచ్చుట తెలుగువారి ఆచారము. నేటి యాత్రికుడు తనకు ప్రియమైన వేగమును కొంత విడిచి, అనవసరమైన ఒక్క విమానయాత్రను మానుకొనినచో ఆ త్యాగము ఏ చెట్టును పెరుగువరకు వేచియుండ పనిలేదు. అది ఆ క్షణముననే ఫలించును.