మృత్తికా తత్త్వము

వీరశైవ సిద్ధాంతమున షట్స్థలములలో మొదటిది భక్తస్థలము. దానికి చెప్పబడిన భూతము పృథ్వి, లింగము ఆచారలింగము, ఇంద్రియము ఘ్రాణము. సాధకుని యాత్ర ఐక్యస్థలమున ముగియునుగాని, మొదలగుట మాత్రము మన్నులోనే. తొలకరి చినుకునకు నేలనుండి లేచు వాసన నెరిగినవారికి, భూమికి గంధమే గుణమని పెద్దలేల చెప్పిరో వివరింప నక్కరలేదు.

అన్ని మన్నులు నొకటి గావు. ఇసుక పిడికిట నిలువదు. బంకమన్ను రేణువులు మిక్కిలి సూక్ష్మములు. మిల్లీమీటరును 500 భాగములు చేసిన అందొక భాగముకంటెను చిన్నవి, పలకలవంటివి. నడుమ నీరు చేరినపుడవి యొకదానిపై నొకటి జారును. కావుననే ఆ మన్ను చేతికి లొంగి, ఇచ్చిన రూపును నిలుపుకొనును. ఎండిన పచ్చికుండను నీట వేసిన మరల బురదయగును. ఆవములో సుమారు 600 డిగ్రీల వేడిమి దాటి కాలినదా, రేణువులలో బంధింపబడిన నీరు సైతము వెడలిపోవును. ఇక నది పగిలి పెంకగునేగాని వెనుకటి బంకమన్ను కానేరదు.

గురుదీక్షకు ఇంతకన్న దగ్గరి దృష్టాంతము దొరకదు. దీక్ష పొందినవానికి పూర్వజాతి లేదని బసవేశ్వరాది శరణులు బోధించిరి. కాలిన కుండను చూచి ఏ చెరువు మన్నని అడుగువాడెవడు? అడుగువారు మనలో నేటికిని గలరు. పెండ్లి సంబంధముల వేళ మరింత గట్టిగ నడుగుదురు. 12వ శతాబ్దమున కల్యాణనగరమున హరళయ్య కుమారునకు మధువరసు కుమార్తె నిచ్చినందులకు ఆ తండ్రు లిరువురు ప్రాణములర్పించిరని శరణచరిత్ర చెప్పుచున్నది. లింగధారణ చేసియు ఉపశాఖ నడుగుట ఆ త్యాగమును మరచుటయే.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కుమ్మర గుండయ్య కథ గలదు. నేటి బీదరు జిల్లాలోని భాల్కి ఆయన ఊరని ప్రసిద్ధి. గుండయ్య కుండను వాయించుచుండగా ఆ లయకు శివుడే నాట్యమాడెను. ఇందు గమనింపవలసినది, ఆయన పూజకై పనిని విడువలేదు. పని పరికరమే వాద్యమైనది. కుమ్మరి కుండను సాగగొట్టునపుడు వెలుపల చెక్కతో తట్టుచు లోపల గుండ్రాయిని ఆనించియుంచును. లోపలి ఆసరా లేనిదే వెలుపలి దెబ్బకు కుండ సొట్టవోవును. బిడ్డలను దండించు తల్లిదండ్రులును, శిష్యుని శాసించు గురువును కుమ్మరివద్ద నేర్వదగినది ఇదియే. గుండయ్య పుణ్యస్త్రీ కేతలదేవియు వచనకర్త్రి. మన్ను పిసికెడి ఇంట వచనము పుట్టినదన్నమాట.

మంటితో పార్థివలింగము చేసి పూజించి ఉద్వాసన చెప్పుట శైవసంప్రదాయమున గలదు. ఇష్టలింగమునకు ఉద్వాసన లేదు. అది దేహమున్నంత కాలము దేహముపైననే యుండును. కరగిపోవలసినది దేహమేగాని లింగము గాదు. అయినను కరగు మన్ను విలువ మనకు పట్టనిది గాదు. అల్వాల్ 2007లో మహానగర పాలకసంస్థలో కలిసినది. ఒకనాటి ఊరు నేడు నగరభాగమై, ఇండ్ల నడుమ చెరువులు మిగిలినవి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు నీట సులభముగ కరగవు. 2021లో హుస్సేన్‌సాగరున అట్టి విగ్రహముల నిమజ్జనమును ఉన్నత న్యాయస్థానము నిషేధించినది. ఆ యొక్క యేటికి సర్వోన్నత న్యాయస్థానము సడలింపు నిచ్చినది. చెరువు మన్నిచ్చును, మన్నునే తిరిగి పుచ్చుకొనును. ఇది తెలియుటకు న్యాయస్థానము దాక పోవలసివచ్చినది!

తుదకు శరణుని దేహమునకును మన్నే గతి. దహనము మన ఆచారము గాదు. దేహమును కూర్చుండబెట్టి, విభూతి ధరింపజేసి, ఎడమ అరచేత ఇష్టలింగమునుంచి సమాధి చేయుదురు. నేల అడుగులలో అమ్ముడగు అల్వాల్ వంటి చోట ఆరడుగుల మన్ను కూడ ముందుగ నెంచవలసిన విషయమైనది. మఠములు, సంఘములు కల్యాణమండపములకు చందా లెత్తునట్లే సమాధిభూమికి నెత్తవలెను. అట్టి నేల లభించినచోట దానిని ఒకే వరుసగ వాడవలెను. ముందు వచ్చినవారి ప్రక్కన తరువాత వచ్చినవారు, ఏ ఇంటివారైనను సరే.