మాన్యువల్‌లో లేని మాట

1975 నాటి 6502 ప్రాసెసర్‌లో ఆదేశం సంకేతం ఒక్క బైటు. అంటే 256 సంకేతాలకి చోటుంది. మాన్యువల్‌లో రాసినవి 151. మిగతా 105 గురించి ఒక్క ముక్క లేదు, కానీ వాటిల్లో చాలావాటిని నడిపిస్తే ఏదో ఒకటి జరుగుతుంది. ప్రోగ్రామర్లు ‘లాక్స్’ అని పేరుపెట్టుకున్న ఆదేశం మెమరీలోని విలువని ఏ, ఎక్స్ రిజిస్టర్లు రెండింట్లోనూ ఒకేసారి పెడుతుంది. ఎవరూ కావాలని పెట్టింది కాదు. సంకేతాన్ని చదివే సర్క్యూట్‌ని పొదుపుగా గీశారు కాబట్టి రెండు ఆదేశాలు ఒకేసారి మేలుకుంటాయి, అంతే.

ఒక్కో సైకిలూ లెక్కపెట్టుకోవాల్సిన యంత్రాలవి. వాడుకున్నవాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు.

తర్వాత 65సీ02 వచ్చింది. ఆ ఖాళీల్లో కొన్నిట్లో కొత్త ఆదేశాలు చేరాయి, మిగతావి ఏమీ చేయనివైపోయాయి. 1977 నుంచీ 6502తో నడిచిన ఆపిల్ టూ కుటుంబంలోకి ఈ చిప్పు 1984లో, ఆపిల్ టూసీతో అడుగుపెట్టింది. చాటు ఆదేశాల్ని నమ్ముకున్న ప్రోగ్రాములు అక్కడ దారితప్పాయి.

‘మేం మాటివ్వలేదుగా’ అనొచ్చు తయారీదారు. ‘ఇన్నేళ్లూ పనిచేసిందిగా’ అనొచ్చు ప్రోగ్రామరు. నా మొగ్గు రెండోవాడి వైపే. ఏళ్ల తరబడి ఒకేలా ప్రవర్తించడం కూడా ఒకరకంగా మాటివ్వడమే కదా. కాకపోతే ఈ తగవులో మూడో మనిషి కనబడడు. డబ్బులిచ్చి ఫ్లాపీ కొన్నవాడు. అతనికి మాన్యువలూ తెలీదు, అందులోని ఖాళీలూ తెలీవు. పందెం కాసింది ఒకరు, ఓడింది ఇతను. పైగా ఆ 105లో కొన్నిటి ఫలితం చిప్పుని బట్టి, వేడిని బట్టి కూడా మారుతుంది. రాసినవాడి బల్ల మీద నడిచిందన్న భరోసా కూడా అక్కడ చెల్లదు.

మొదలవ్వగానే ఏ చిప్పో చూసుకుని, పాత దారినీ పక్కన ఉంచొచ్చు. దానికి మరికొన్ని బైట్లు కావాలి. ఆదా చేద్దామనుకున్నవే అవి.

ఇంటెల్ 80286లో ‘లోడాల్’ అనే ఆదేశం కథ వేరేలా నడిచింది. బహిరంగ మాన్యువల్‌లో లేదు, కొన్ని కంపెనీలకి మాత్రం విడిగా తెలుసు. మైక్రోసాఫ్ట్ డాస్ డ్రైవర్లలో వాడింది. 386లో ఆ సంకేతం పోయింది. అయినా డ్రైవర్లు ఆగలేదు: చాలా 386 యంత్రాల బయాస్‌లో దాన్ని అనుకరించే కోడ్ పెట్టారు. తెలియని ఆదేశం ఎదురైతే పట్టుకునే ఏర్పాటు 386కి ఉంది, 6502 కుటుంబానికి లేదు, నిజమే. కానీ ఆ ఏర్పాటు ఉన్నంత మాత్రాన ఎవరూ ఊరికే అంత శ్రమపడరు. అవతల ఉన్నది డాస్ కాకుండా ఇద్దరు కుర్రాళ్లు రాసిన గేమయితే పడేవారా అని నా అనుమానం.